లీసమ్మ గిన్నె

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలంలో, ఓ పెద్ద సరస్సు నడుమ కొంగలంక అనే ఊరుండేది. నాలుగు పక్కలా నీళ్ళు. ఎటు పోవాలన్నా తాటిమాను తొలిచి చేసిన దోనె ఎక్కాల్సిందే. ఆ ఊళ్ళో మనుషులకంటే బాతులు ఎక్కువ. బాతులకంటే కొంగలు ఎక్కువ. కొంగలకంటే దోమలు ఎక్కువ.

ఊరికి రెండే వీధులు. ఎగువ వీధి ఒకటి, దిగువ వీధి ఒకటి. రెండింటి నడుమా సన్నటి నీటి బోదె. బోదె మీద ఒక తాటిదుంగ వంతెన. ఆ దుంగ మీద బాతులు నడిచేవి, కోళ్ళు నడిచేవి, కుక్కలు నడిచేవి. మనుషులు మాత్రం నడిచేవాళ్ళు కాదు.

ఎందుకంటారా? ఒక చేప తల వల్ల.

ఏటా వానలు వెనకబట్టాక ఊరంతా కలిసి పెద్ద వల లాగేవారు. పడిన చేపల్లో అన్నిటికంటే పెద్ద బొచ్చె తల ఊరి పెద్దింటికి వెళ్ళాలి. అది రివాజు. ఒక ఏడు పడిన బొచ్చె తల నీళ్ళబిందె అంత ఉంది. "పెద్దిల్లు మా వీధిలోదే" అన్నారు ఎగువవాళ్ళు. "ఎవరన్నారు? మాదే" అన్నారు దిగువవాళ్ళు. మాటకు మాట పెరిగింది. తెడ్లు పైకి లేచాయి. ఆ గొడవలో చేపను పట్టించుకున్నవాడు లేడు, పాపం అది ఎండకు కుళ్ళిపోయింది. ఆఖరికి రెండు వీధులవాళ్ళూ బోదెకు చెరో పక్కన నిలబడి ఒట్టు పెట్టుకున్నారు.

"ఇవాళ్టినుంచి మీ ఉప్పు మాకొద్దు, మా ఉప్పు మీకు లేదు. తిన్నవాళ్ళకు వెలి!"

ఆ ఒట్టు అందరికంటే ఇద్దరికి బరువైంది. ఆదెమ్మ, బుల్లెమ్మ అని ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. అక్క ఆదెమ్మను ఎగువ వీధికి ఇచ్చారు. చెల్లెలు బుల్లెమ్మను దిగువ వీధికి ఇచ్చారు. ఒట్టు పెట్టుకున్ననాడు ఇద్దరూ పసుపు పారాణి ఆరని కొత్త కోడళ్ళు. ఇప్పుడు ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి. ఆదెమ్మ కొడుకు సూరన్న ఎగువ వీధికి పెద్ద. బుల్లెమ్మ కొడుకు గంగులు దిగువ వీధికి పెద్ద. పొద్దున్నే అక్క ఆ ఒడ్డున వాకిలి ఊడ్చేది. చెల్లెలు ఈ ఒడ్డున వాకిలి ఊడ్చేది. తలలెత్తి ఒకసారి చూసుకునేవారు. మళ్ళీ తలలు దించుకునేవారు. అంతే.

అలాంటి ఊరికి ఒకనాడు, ఎండలు మండుతున్న రోజుల్లో, దోనెలో ఒక పిల్ల వచ్చింది.

ఆమెది ఎక్కడో సముద్రాల అవతలి దేశం. చలికాలం వస్తే అక్కడ నీళ్ళు రాయిలా గట్టిపడతాయట, వాటి మీద మనుషులు నడిచి పోతారట. ఆ దేశంలో పాలమ్ముకుని బతికే ఇంట్లో పుట్టింది. తన దేవుడి మాట నలుగురికీ చెప్పాలి, పిల్లలకు అక్షరాలు నేర్పాలి, పుండ్లకు మందు రాయాలి అని ఓడెక్కి బయల్దేరింది. పాతికేళ్ళు నిండలేదు. ముక్కు మీద మచ్చలు, తల మీద గడ్డిటోపీ. పేరు లీసా. ఆడపిల్లను 'అమ్మ' అని చేర్చకుండా పిలవడం మన ఊళ్ళలో ఎవరికి వచ్చు? అందుకని లీసమ్మ అయింది.

పంపేముందు పట్నంలో పెద్ద పాదిరీగారు ఆమెతో ఒక మాట అన్నారు. "ఆ లంకలో ఇదివరకు ఎవరూ నిలవలేదమ్మా. వానలు వెళ్ళేలోగా ఊరివాళ్ళు నిన్ను ఉంచుకుంటే ఉండు. లేదంటే తిరిగి వచ్చెయ్. నిన్ను మీ ఊరికి ఓడెక్కిస్తాను."

లీసమ్మకు వెనక్కి పోవాలని లేదు. అప్పటికి ఆమెకు వచ్చిన తెలుగు మాటలు మూడు. దండం. బాగుంది. ఇంకొంచెం.

దోనె ఒడ్డుకు తగిలింది. రెండు వీధులవాళ్ళూ చెరో పక్కన గుంపుగా నిలబడి చూస్తున్నారు. లీసమ్మ కాలు కింద పెట్టింది. మోకాలి దాకా బురదలో దిగబడింది. కాలు పైకి లాగితే కాలొక్కటే వచ్చింది, బూటు రాలేదు. ఊరంతా ఆమె మొహం వంక చూసింది. దొరసానికి కోపం వస్తుందేమో!

లీసమ్మ తన బురద కాలిని చూసుకుంది. కిందికి చూసింది. పకపకా నవ్వింది.

"బాగుంది! ఇంకొంచెం బాగుంది!" అంది.

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు మీసాల కింద నవ్వుకున్నారు. పిల్లలు మాత్రం నవ్వు దాచుకోలేదు.

ఆమెను ఎక్కడ ఉంచాలన్న మాట వచ్చింది. "ఎగువ వీధిలో ఉంటే మేమొప్పుకోం" అన్నాడు గంగులు. "దిగువ వీధిలో ఉంటే మేం ఊరుకుంటామా?" అన్నాడు సూరన్న. చివరకు బోదె తలకాయ దగ్గర, రెండు వీధులకూ సరిగ్గా నడుమ, బాతుల పాక ఒకటుంటే అది ఖాళీ చేసి ఇచ్చారు. అంటే, మనుషులు ఖాళీ చేశారు. బాతులు చేయలేదు. రోజూ పొద్దుగూకేసరికి వాటి ఇంటికి అవి వచ్చేసేవి.

"బాగుంది," అంది లీసమ్మ, మంచం కింద బాతులను చూసి. "ఇదీ బాగుంది."

ఆ మాట ఆమెకు ఊతపదమైపోయింది. దోనె తొయ్యబోతే అది ముందుకు పోకుండా గిర్రున తిరిగేది. ఒడ్డున పిల్లలు చప్పట్లు కొట్టేవారు. "ఇదీ బాగుంది!" తెల్లారి బూటులో కాలు పెడితే చల్లగా ఏదో తగిలేది. తీసి చూస్తే బాతుగుడ్డు. "ఇదీ బాగుంది!" గడ్డిటోపీ ఎండలో పెడితే కొంగలు గడ్డి పీక్కుపోయి గూడు కట్టుకునేవి. టోపీ రోజురోజుకీ చిన్నదైపోయేది. "ఇదీ బాగుంది!"

పొద్దున్నే పాక ముందు పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించేది. ఎగువ పిల్లలు ఎగువ పక్కన, దిగువ పిల్లలు దిగువ పక్కన కూర్చునేవారు. ఆమె దిద్దించేది తెలుగే, కానీ ఆమెకూ సగం అక్షరాలు కొత్తవే. 'ఱ' రాయలేక ఆమె తంటాలు పడుతుంటే రెండు పక్కల పిల్లలూ ఒక్కటై నేర్పించేవారు. మధ్యాహ్నం పుండ్లు కడిగి మందు రాసేది. సాయంత్రం వలలు బాగుచేసుకునేవాళ్ళ పక్కన కూర్చుని, పిల్లల దగ్గర నేర్చుకున్న మాటలతో తన దేవుడి సంగతి చెప్పేది.

"మా దేవుడు చేపలు పట్టేవాళ్ళతో స్నేహం చేశాడు" అందొకసారి.

గంగులు వల కన్ను ముడేస్తూ తలెత్తాడు. "మంచోడే. ఏ వల వేసేవోడండీ?"

లీసమ్మ ఆలోచించింది. "తెలీదు."

"అది కనుక్కోకుండా ఎలాగమ్మా! మళ్ళీ ఎప్పుడన్నా ఆయనతో మాటాడితే అడుగు. మా వలలో ఏమన్నా తేడా ఉంటే సరిచేసుకుంటాం."

"రోజూ మాట్లాడతాను. అడుగుతాను" అంది లీసమ్మ. నిజంగానే అడిగింది కూడా.

ఇంతవరకూ బాగానే ఉంది. తిరకాసు ఎక్కడ వచ్చిందంటే, గిన్నెల దగ్గర.

కొత్త మనిషి వచ్చింది, పాపం ఒంటరిది, వండుకోవడం రాదు అని రెండు వీధుల ఆడవాళ్ళూ కూరలు పంపారు. ఒకనాడు ఆదెమ్మ ఇంటినుంచి ఇత్తడి గిన్నెలో చేపల పులుసు. ఒకనాడు బుల్లెమ్మ ఇంటినుంచి రాతి గిన్నెలో పప్పుచారు. ఒకనాడు చివరింటి వలలవాళ్ళ మట్టి గిన్నెలో బాతుగుడ్ల కూర. లీసమ్మ ఆనందంగా తింది. గిన్నె బూడిదేసి, కొబ్బరి పీచుతో, మొహం కనబడేలా తోమింది. తనే స్వయంగా తీసుకెళ్ళి, రెండు చేతులా ఇచ్చి, "దండం" అంది.

మొదటి ఇంట్లో కోడలు గిన్నెలోకి చూసి మొహం ముడుచుకుని లోపలికి పోయింది. రెండో ఇంట్లో గిన్నె తీసుకుని తలుపు వేసేశారు. మూడో ఇంట్లో ముసలాయన "సరేలే తల్లీ, నీ ఇష్టం" అని నిట్టూర్చాడు.

ఆ మర్నాటినుంచి గిన్నెలు రాలేదు. పిల్లలు రాలేదు. పుండ్లున్నవాళ్ళు కూడా రాలేదు. పాక ముందు ఇసుకలో నిన్నటి అక్షరాల మీద బాతులు నడుస్తున్నాయి. లీసమ్మ గడప మీద కూర్చుంది. తనేం తప్పు చేసిందో తెలియదు. పాదిరీగారి మాట గుర్తొచ్చింది. ఊరివాళ్ళు ఉంచుకుంటేనే ఉండు. ఆ రోజు ఆమె నోట 'బాగుంది' అన్న మాట రాలేదు.

మూడోనాడు ఆదెమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వస్తూనే నిలదీసింది.

"ఏం అమ్మాయ్, మా మీద అంత కోపం ఎందుకొచ్చింది నీకు?"

"కోపమా! నాకా?"

"లేకపోతే గిన్నె ఖాళీగా ఎందుకు తెచ్చిచ్చావు?"

"ఖాళీగా కాదు పెద్దమ్మా, శుభ్రంగా! మా ఊళ్ళో గిన్నె తళతళలాడేలా తోమి ఇవ్వడమే మర్యాద."

ఆదెమ్మ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. కర్ర పక్కన పెట్టి నేల మీద చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఓసి పిచ్చిపిల్లా! గిన్నె ఖాళీగా తిరిగి పంపితే 'ఇక మీ గడప తొక్కను' అని అర్థమే! నువ్వేమో ఇంటింటికీ వెళ్ళి, దండం పెట్టి మరీ ఆ మాట చెప్పొచ్చావు!"

లీసమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో! మరి ఏం వెయ్యాలి?"

"ఏదో ఒకటి. నాలుగు మిరపకాయలో, గుప్పెడు గింజలో, నీ పొయ్యి మీద ఏది ఉడికితే అది. వచ్చిన గిన్నె వట్టిదిగా పోకూడదు. అంతే రివాజు."

ఆదెమ్మ వెళ్ళి రెండు చెవుల్లో చెప్పింది. ఆ రెండు చెవులనుంచి ఊరంతటికీ పాకింది. బోదెకు అవతలి ఒడ్డుకు కూడా ఎలా పాకిందో పాకింది. పోట్లాడుకునేవాళ్ళ మధ్య కూడా కబుర్లకు వంతెన అక్కర్లేదు కదా. "అయ్యో, తెలీక చేసిందటే!" అని రెండు వీధులూ నవ్వుకున్నాయి. మళ్ళీ పిల్లలు వచ్చారు. మళ్ళీ గిన్నెలు వచ్చాయి.

ఇప్పుడు వాటిలో ఏం వెయ్యాలి? లీసమ్మ వంటకు దిగింది. మొదటిరోజు పప్పు మాడింది. రెండోరోజు చేప పచ్చిగా ఉండిపోయింది. మూడోరోజు తన దేశపు జావ కాచింది. కుక్కకు పెడితే అది వాసన చూసి, దండం పెట్టినట్టు తల వంచి వెళ్ళిపోయింది.

పక్కన రెండు గిన్నెలున్నాయి. ఆదెమ్మ ఇంటినుంచి ఇత్తడి గిన్నె నిండా వంకాయ కూర. బుల్లెమ్మ ఇంటినుంచి రాతి గిన్నె నిండా రొయ్యల ఇగురు. ఒక్క మనిషి ఎంత తింటుంది? లీసమ్మ ఆ గిన్నె చూసింది. ఈ గిన్నె చూసింది. కళ్ళు మెరిశాయి. తన పళ్ళెంలోకి రెండిట్లోంచీ కొంచెం తీసుకుంది. మిగిలిన వంకాయ కూర రాతి గిన్నెలోకి మార్చింది. మిగిలిన రొయ్యల ఇగురు ఇత్తడి గిన్నెలోకి మార్చింది.

"బాగుంది. ఇదీ బాగుంది!"

ఉప్పు ఒట్టు సంగతి ఆమెకు తెలుసా అంటే, తెలియదు. రెండు వీధులకూ పడదని తెలుసు. చేప తల సంగతి తెలుసు. తిండి దాకా ఒట్టు ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి కొత్త మనిషికి చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఆనాటినుంచి అదే వరస. ఎగువ వంట దిగువకు, దిగువ వంట ఎగువకు. వానలు మొదలయ్యాయి, ముదిరాయి. కొంగలంకలో ఒకటే మాట.

"దొరసానికి వంట భలే అబ్బిందర్రా!"

"ఆ చేతిలో ఏముందో గానీ, పులుసు తాగితే ప్రాణం లేచొస్తోంది!"

గంగులైతే అరుగు మీద కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ, వీధంతా వినబడేలా అనేవాడు. "ఎగువ వీధి ఆడాళ్ళున్నారే, వాళ్ళు ఈవిడ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి వంట!" ఆ నాకుతున్నది ఎగువ వీధి వంకాయే అని ఆయనకేం తెలుసు!

లీసమ్మ అబద్ధమాడే మనిషి కాదు. పొగిడినప్పుడల్లా చెప్పేది. "నేను వండలేదు."

"మరి ఎవరు వండారమ్మా?"

"మీ ఊరే వండింది. నేను గిన్నె మార్చానంతే."

"ఎంత వినయమో!" అనుకునేవారు. "వాళ్ళ దేవుడు అలా మాట్లాడమని నేర్పాడు కాబోలు!"

వానలు వెనకబడుతున్నాయనగా దిగువ వీధిలో బుల్లెమ్మ మంచం పట్టింది. జ్వరం వచ్చి పోయింది గానీ, నోటికి రుచి రాలేదు. అన్నం ముద్ద కలిపి పెడితే మొహం తిప్పుకునేది. లీసమ్మ రోజూ వెళ్ళి మందు పోసేది. మందు లోపలికి పోతోంది, మెతుకు పోవడం లేదు. చెయ్యి పట్టుకుంటే ఎండిన తామరకాడలా ఉంది.

గంగులు వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి గొంతు పిల్లాడి గొంతైపోయింది. "మా అమ్మ తిండి మానేసింది లీసమ్మా. ఇలాగే ఉంటే ఈ నెల దాటదు."

లీసమ్మ బరువుగా తిరిగొచ్చింది. గిన్నె ఇవ్వడానికి ఆదెమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు మాటల్లో చెప్పింది. "అవతల బుల్లెమ్మగారు అన్నం ముట్టడం లేదు పెద్దమ్మా. నోటికి ఏదీ హితవు కావడం లేదట."

ఆదెమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగింది. చాటలోంచి తల ఎత్తలేదు.

మర్నాడు ఆదెమ్మ కోడలిని వంటింట్లోంచి పొమ్మంది. "ఇవాళ వంట నేను చేస్తాను." దొడ్లో లేత గోంగూర కోసింది. ఎండురొయ్యలు వేయించింది. కూర దించేముందు రెండు పచ్చి పసుపాకులు కోసి, గిన్నె మీద కప్పి, ఆవిరి బయటకు పోకుండా మగ్గబెట్టింది. ఆ పని ఊళ్ళో ఎవరూ చేయరు. అది వాళ్ళమ్మ పద్ధతి. ఒట్టు పెట్టుకున్న ఏటినుంచి ఆదెమ్మ ఆ కూర వండలేదు.

గిన్నె తనే తెచ్చి లీసమ్మ చేతిలో పెట్టింది. "అమ్మాయ్, ఇదంతా నువ్వే తినకు" అంది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

లీసమ్మ ఎప్పటిలాగే తనకు కొంచెం తీసుకుని, మిగిలింది రాతి గిన్నెలో వేసింది. బుల్లెమ్మ దగ్గరకు పట్టుకుపోయింది. మూత తీసింది. పసుపాకు వాసన గదంతా నిండింది. బుల్లెమ్మ కళ్ళు తెరిచింది.

లీసమ్మ అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టింది. ఒక ముద్ద. బుల్లెమ్మ నమిలి మింగింది. రెండో ముద్ద. ఆగి, గిన్నె వంక చూసింది. మూడో ముద్ద. రెండు కళ్ళలోంచీ నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి.

"గంగులూ" అని పిలిచింది, గుమ్మంలో ఉన్న కొడుకును. "ఇది మా అక్క చేతి కూరరా."

గంగులు గిన్నె వంక చూశాడు. లీసమ్మ వంక చూశాడు. "అంటే... ఇన్నాళ్ళూ మేం తిన్నది..."

"చెప్పానుగా" అంది లీసమ్మ. "గిన్నె మార్చానని."

కాసేపట్లో ఊరంతా గుప్పుమంది. సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. బోదెకు ఆ ఒడ్డున ఎగువవాళ్ళు, ఈ ఒడ్డున దిగువవాళ్ళు. ఆనాడు ఒట్టు పెట్టుకున్నప్పుడు నిలబడ్డట్టే నిలబడ్డారు. నడుమ పాక ముందు లీసమ్మ ఒక్కతే.

"మా నోట దిగువ ఉప్పు పెట్టావా!" అని సూరన్న అరిచాడు.

"మా ఒట్టు మంటగలిపావా!" అని గంగులు అరిచాడు.

"తెల్లారేసరికి దోనె ఎక్కాలి! ఈ ఊళ్ళో నీకు చోటు లేదు!" ఆ మాట రెండు ఒడ్లనుంచీ ఒకేసారి వచ్చింది. అంతకాలానికి ఆ రెండు వీధులూ కలిసి అన్న మాట అదొక్కటే.

లీసమ్మకు బూటులో గుడ్లు గుర్తొచ్చాయి. ఇసుకలో 'ఱ' గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుని, వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా చెప్పింది.

"ఒట్టు సంగతి నాకు తెలీదు. తెలిస్తే అడిగేదాన్ని. పొమ్మంటే పోతాను. కానీ నేను రెండు వీధుల ఉప్పూ తిన్నాను. రెండూ నాలో కలిసిపోయాయి. విడదీసి ఎవరిది వాళ్ళకిచ్చి పోదామంటే, అదెలాగో నాకు చేతకావడం లేదు."

ఆ మాటకు బాతులే బదులు పలికాయి.

అంతలో దిగువ జనం రెండుగా చీలారు. బుల్లెమ్మ వస్తోంది. ఇన్నాళ్ళూ మంచం దిగని మనిషి, గోడ పట్టుకుని, గుంజ పట్టుకుని, చేతిలో ఆ రాతి గిన్నెతో వస్తోంది. తాటిదుంగ దగ్గర ఆగింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు గంగులు, అడ్డం పోతూ.

"గిన్నె వట్టిదిగా ఉండకూడదు కదరా. అక్క కూర తిన్నాను. అక్కకు నేను పంపొద్దూ?" గిన్నె వంచి చూపించింది. అందులో గుప్పెడు ఉప్పు. దిగువ వీధి ఉప్పు. "తప్పుకో. లీసమ్మా, చెయ్యందుకో తల్లీ, ఈ దుంగ జారుతుంది."

లీసమ్మ పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. మనుషులు నడవని వంతెన మీద ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. అవతల ఆదెమ్మ కర్ర పారేసి ఎదురొచ్చింది. చెల్లెలి చేతిలోని గిన్నెలోంచి చిటికెడు ఉప్పు తీసింది. అందరూ చూస్తుండగా నాలుక మీద వేసుకుంది.

"తిన్నానర్రా" అంది జనం వైపు తిరిగి. "ఇప్పుడే మొదటిసారి కాదు. దిగువ రొయ్యల ఇగురు ఈ పిల్ల నాకు తెచ్చిన మొదటిరోజే తెలుసు నాకు. అది నా చెల్లెలి ఇంటి మసాలా. ఈ పిల్లకు ఒట్టు తెలీదు. నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను, తెలిసే తిన్నాను, ఇవాళ తెలిసే వండి పంపాను. పంపేస్తే నన్ను పంపండి దోనెలో. ఏరా సూరిగా, మీ అమ్మను వెలేస్తావా?"

సూరన్న వంగి, అమ్మ పారేసిన కర్ర తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఏరా గంగులూ" అంది ఆదెమ్మ అటు తిరిగి, "పెద్దమ్మ ఇంటి వంకాయ కూర వానాకాలమంతా వేళ్ళు నాకి నాకి తిన్నావటగా! ఎగువ వీధి ఆడాళ్ళు ఎవరి దగ్గరో వంట నేర్చుకోవాలన్నావట. చెప్పు, ఎవరి దగ్గర నేర్చుకోమంటావు?"

ముందు ఎగువ వీధి కోడళ్ళు కిసుక్కుమన్నారు. తర్వాత దిగువ వీధి కోడళ్ళు. గంగులు మొహం ఎర్రబడింది, మీసం మెలేసుకోబోయి, ఆగి, తనే ఫక్కున నవ్వేశాడు.

"నీ దగ్గరే నేర్చుకోవాలి పెద్దమ్మా" అన్నాడు.

బుల్లెమ్మ, అక్క భుజం మీద తల ఆన్చి ఒక్కటే అడిగింది. "ఆ పసుపాకు మన అమ్మ పెరట్లోదేనా అక్కా?"

"అమ్మ దుంపే తెచ్చి నా దొడ్లో నాటాను చెల్లీ. ఎండనివ్వలేదు."

లీసమ్మ వాళ్ళిద్దరినీ చూసింది. ముక్కు చీదుకుంది. "బాగుంది" అంది. "ఇంకొంచెం బాగుంది."

ఆ మాట విన్నాక ఇంకెవరికీ దోనె సంగతి గుర్తు రాలేదు.

వానలు వెళ్ళాయి. రెండు వీధులూ కలిసి పెద్ద వల లాగాయి. పెద్ద బొచ్చె పడింది. దాని తల ఈసారి ఎవరికని తగువు పడలేదు. "పెద్దిల్లు నడుమనున్న పాకే" అని తెచ్చి లీసమ్మ ముందు పెట్టారు. ఆమె దాని కళ్ళు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఇది నన్నే చూస్తోంది!" అంది. చివరకు అక్కచెల్లెళ్ళిద్దరే పులుసు పెట్టుకుని, ఒకరు ఈ చెంప, ఒకరు ఆ చెంప వొలుచుకుంటూ, పొద్దుగూకేదాకా కబుర్లాడుకుంటూ తిన్నారు. పట్నం నుంచి పాదిరీగారు కబురు పంపితే, "ఊరు ఉంచుకుంది" అని లీసమ్మ తిరుగు కబురు పంపింది. కబురు మోసిన దోనెలో ఒక గిన్నె కూడా పంపింది. అది వట్టిది కాదని ఇక చెప్పక్కర్లేదు.

ఏళ్ళు గడిచాయి. లీసమ్మ అక్కడే ఉండిపోయింది. 'ఱ' రాయడం వచ్చింది. దోనె తిన్నగా తొయ్యడం వచ్చింది. వంట మాత్రం ఆఖరిదాకా రాలేదు. జుట్టు కొంగ రెక్కలా తెల్లబడింది. ఒక వానాకాలం, గోంగూర లేతగా ఉన్న రోజుల్లో, మంచం కింద బాతులుండగానే నిద్రలో కన్నుమూసింది. బోదె తలకాయ దగ్గర ఆమెను పూడ్చారు. ఆ గొయ్యి ఎగువవాళ్ళు సగం, దిగువవాళ్ళు సగం తవ్వారు.

అక్కడ గుడి లేదు, గోపురం లేదు. నేలలో పాతిన ఒక రాతి గిన్నె ఉంది. దాన్ని లీసమ్మ గిన్నె అంటారు. అటుగా పోయేవాళ్ళు ఎవరైనా సరే, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళైనా సరే, అందులో గుప్పెడు గింజలు వేసి పోతారు. బాతులు తింటాయి. అయినా అది ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు.

ఇప్పటికీ కొంగలంకలో లేత గోంగూర మొదటిసారి కోసినరోజు, ప్రతి ఇంటినుంచీ ఒక గిన్నె బోదె దాటి అవతలి ఒడ్డుకు పోవాలి. అవతలినుంచి ఒక గిన్నె రావాలి. కొత్త కోడలు కాపురానికి వస్తే అత్తగారు ముందు పొయ్యి చూపించదు. చేతికి గిన్నె ఇచ్చి దుంగ దాటిస్తుంది. కూర రుచిగా ఉంటే మొగుడు పెళ్ళాన్ని ఉడికిస్తాడు. "ఏమే, ఇది నీ వంటా, లీసమ్మ వంటా?" పిల్లలు బురదలో జారి పడితే ఏడవరు. లేచి నిలబడి, కాలు చూసుకుని, "ఇదీ బాగుంది!" అంటారు. ఆ మాట మొదట ఎవరన్నారో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

కథ గిన్నెలోకి, గిన్నె పక్కింటికి.